క్రూయిజ్‌లో వేప్ సంగతి: ఓడ కంటే ముందు రేవు చూసుకోండి

వేప్ (ఇ-సిగరెట్) అలవాటున్నవాళ్లు క్రూయిజ్ బుక్ చేసే ముందు అడిగే మొదటి ప్రశ్న, ఏ కంపెనీ ఓడలో వేప్ చేసుకోనిస్తారు అని. దానికి జవాబు చిన్నదే. పెద్ద కంపెనీలు దాదాపు అన్నీ ఇ-సిగరెట్‌ను మామూలు సిగరెట్‌తో సమానంగానే చూస్తాయి, స్మోకింగ్ ఏరియా అని బోర్డు పెట్టిన చోట తప్ప ఇంకెక్కడా కుదరదు. అసలు తేడా వచ్చేది ఓడ ఏ ఊరి నుంచి బయలుదేరుతుంది, మధ్యలో ఏ దేశంలో ఆగుతుంది, మీరు ఏ వీసా మీద తిరిగి వస్తారు అన్న దగ్గర. అందుకే నేను ఎవరడిగినా ముందు రూటు చెప్పమంటాను, ఓడ పేరు తర్వాత.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువగా చూసేది సింగపూర్ క్రూయిజ్, మూడు నాలుగు రాత్రులు, పినాంగ్, ఫుకెట్ వైపు. ఈ రూట్లో వేప్ తీసుకెళ్లడమా వద్దా అని పోల్చుకోవడానికి కూడా ఏమీ లేదు. తీసుకెళ్లకూడదు, అంతే. సింగపూర్‌లో 2018 ఫిబ్రవరి 1 నుంచి వేప్ కొనడం, వాడడం మాత్రమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. 2025 సెప్టెంబరు నుంచి ఇంకా గట్టిగా పట్టుకుంటున్నారు, మొదటిసారి దొరికిన పెద్దవాళ్లకే 700 సింగపూర్ డాలర్ల జరిమానా, టూరిస్టులైనా సరే మినహాయింపు లేదు. పైగా ఓడ ఎక్కేముందు టెర్మినల్‌లో మన బ్యాగులన్నీ ఎక్స్‌రే మెషీన్‌లోంచి వెళ్తాయి, కాబట్టి ఓడలో స్మోకింగ్ ఏరియా ఎంత బాగుందన్నది ఇక్కడ అనవసరం, ఓడ దాకా చేరే దారే సింగపూర్ నేల మీద ఉంది. థాయిలాండ్ కూడా ఇ-సిగరెట్ దిగుమతిని 2014లోనే నిషేధించింది, ఫుకెట్‌లో దిగేటప్పుడు జేబులో వేప్ ఉంటే అక్కడ ఇంకో తలనొప్పి. "మా ఫ్రెండు పోయినసారి తీసుకెళ్లాడు, ఎవరూ అడగలేదు" అనే మాట ప్రతి గ్రూపులోనూ వినిపిస్తుంది. అతన్ని అడగకపోవడం మీకు పర్మిషన్ కాదు.

ఇంకో విషయం, ఇండియా నుంచి బయలుదేరేటప్పుడే కథ అయిపోతుంది. మన దేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్‌గా వచ్చి, అదే ఏడాది డిసెంబరులో చట్టమైంది: ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రచారం అన్నీ నిషేధం. దిగుమతి, రవాణా లాంటివాటికి మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదంటే రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్లు, 5 లక్షల వరకు వెళ్తుంది. మన ఎయిర్‌పోర్టుల్లో ఎక్కే విమానాల్లో చేతి సంచీలోనూ చెకిన్ లగేజీలోనూ ఇ-సిగరెట్ పెట్టనివ్వరు. చెన్నై నుంచో విశాఖ నుంచో దేశీ క్రూయిజ్ ఎక్కినా ఇదే చట్టం. 2022 జూన్‌లో విశాఖకు కార్డీలియా ఓడ వచ్చినప్పుడు మనవాళ్లలో చాలామందికి క్రూయిజ్ మీద ఆశ పుట్టింది, తర్వాత 2023లో అక్కడ ప్రత్యేకంగా క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు, మంచిదే, కానీ రేవు గేటు దగ్గర వర్తించేది మన దేశ చట్టమే. అంటే ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు మిగిలే ఆప్షన్లు చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్, నికోటిన్ గమ్, లేదా మానేయడం. వాటి గురించి కింద వివరంగా రాశాను, ఓడల పేర్లున్న భాగం మీరు వదిలేసినా పర్వాలేదు.

ఇక అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతి వేరు. టెక్సాస్‌లో ఉంటే గాల్వెస్టన్ రేవు చేతిలో ఉన్నట్టే, డాలస్ నుంచి ఐ-45 పట్టుకుని అయిదు గంటల్లో పార్కింగ్‌లో ఉంటాం. థాంక్స్‌గివింగ్ సెలవులకు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, మెక్సికోలోని కొజుమెల్ దీవికి నాలుగైదు రాత్రుల ట్రిప్పు చాలా కుటుంబాలకు మొదటి క్రూయిజ్. ఇక్కడి నుంచి కార్నివాల్, రాయల్ కరీబియన్, నార్వేజియన్, డిస్నీ, ఎమ్మెస్సీ ఓడలు నడుస్తాయి, అన్నిట్లోనూ పెద్దవాళ్లు వేప్ తీసుకెళ్లొచ్చు. బాల్కనీలో మాత్రం వద్దు, క్యాబిన్‌లో అసలే వద్దు.

ఈ ఓడల మధ్య తేడా ఎక్కడుందంటే, ముందు జరిమానా. కార్నివాల్‌లో క్యాబిన్‌లోనో బాల్కనీలోనో దొరికితే 500 డాలర్ల జరిమానా మీ బిల్లులో పడుతుంది. రాయల్ కరీబియన్‌లోనూ డిస్నీలోనూ 250. ఇది ఓడ బిల్లులోనే చేరుతుంది, మీతోపాటు మామగారో అత్తగారో ఉంటే చివరి రోజు బిల్లు కాగితం వాళ్ల ముందే తెరుచుకుంటుంది. రెండో తేడా క్యాసినో. కార్నివాల్, రాయల్ కరీబియన్‌లో క్యాసినోలో కొంత భాగం పొగ తాగేవాళ్లకు ఉంటుంది, కాబట్టి రాత్రి గాలి, వాన ఉన్నా లోపల ఒక చోటు దొరుకుతుంది. డిస్నీ ఓడల్లో క్యాసినోనే లేదు, బయట డెక్కు మీద చూపించిన మూలే దిక్కు. ఎమ్మెస్సీలో సిగార్ లాంజ్ ఉండే ఓడలున్నాయి, కానీ సిగార్ పొగ గదిలో కూర్చుని వేప్ చేయడం నాకైతే అర్థం లేని పని. మూడో తేడా బయట ఉండే స్మోకింగ్ ఏరియా ఏ డెక్కు మీద, ఏ పక్కన ఉందన్నది. ఇది ఓడ ఓడకూ మారుతుంది, ఒకే కంపెనీలో కూడా. బుక్ చేసేముందు ఆ ఓడ డెక్ ప్లాన్ తెరిచి ఆ చోటు వెతకండి, మీ క్యాబిన్ నుంచి ఎన్ని డెక్కులు ఎక్కాలో చూడండి, ఎందుకంటే ఓడ నిండా జనం ఉన్నప్పుడు, భోజనాల వేళ, లిఫ్టు కోసం నిలబడడమే పెద్ద పని.

ఒకప్పుడు కొన్ని కంపెనీలు ఇ-సిగరెట్‌ను క్యాబిన్ లోపల అనుమతించేవి, అది నిజమే, ఆ పాత మాటలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. వాటిని పట్టుకుని వెళ్లకండి. మీ బుకింగ్ నంబరుతో లాగిన్ అయి, మీ ఓడకు ఆ నెలలో ఉన్న రూలు చదవండి, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ పెట్టుకోండి.

బాల్కనీ మన సొంతం కదా, డబ్బులు కట్టాం కదా, పైగా నిప్పే లేదు కదా అని అడిగేవాళ్లు చాలామంది. నిప్పు సంగతి ముందు చెప్తాను. 2006 మార్చి 23న స్టార్ ప్రిన్సెస్ అనే ఓడ జమైకా వైపు వెళ్తుండగా తెల్లవారుజామున ఒక బాల్కనీలో మంట మొదలై, ప్లాస్టిక్ అడ్డుగోడలు, కుర్చీలు అంటుకుని, పక్క బాల్కనీలకూ పై డెక్కులకూ పాకింది. పొగకు ఒక ప్రయాణికుడు చనిపోయాడు. ఎవరో పారేసిన సిగరెట్ ముక్కే కారణమై ఉంటుందని దర్యాప్తులో తేలింది. 2014లో రాయల్ కరీబియన్, కార్నివాల్ రెండూ బాల్కనీల్లో పొగ తాగడాన్ని పూర్తిగా ఆపేశాయి. వేప్‌లో పారేసే నిప్పురవ్వ ఉండదు, ఒప్పుకుంటాను, కానీ దానిలో లిథియం బ్యాటరీ ఉంది, అది పాడైతే వచ్చే మంట సామాన్యంగా ఆరదు, నడిసముద్రంలో ఫైరింజన్ రాదు. ఇంకోటి, పక్క బాల్కనీకి మీకూ మధ్య ఉండేది ఒక పలుచటి పలక, సముద్రపు గాలికి మీ మామిడి ఫ్లేవర్ ఆవిరి నేరుగా పక్కవాళ్ల పసిపాప మంచం దాకా పోతుంది. అది ఒట్టి నీటి ఆవిరి కాదు, అందులో నికోటిన్, అతి సన్నని రేణువులు, కొన్ని లోహాలు కూడా ఉంటాయని అమెరికా సర్జన్ జనరల్ 2016 నివేదికలోనే ఉంది.

కాబట్టి వేప్ కోసమని బాల్కనీ క్యాబిన్‌కు ఎక్కువ డబ్బు పెట్టకండి. సముద్రం చూడ్డానికైతే పెట్టండి, అది వేరే సంగతి. రోజుకు పదిసార్లు స్మోకింగ్ ఏరియాకు వెళ్లొచ్చే మనిషికి లోపలి క్యాబిన్, మెట్లకు దగ్గరలో ఉన్నది, చాలా నయం. పొగ అస్సలు పడని వాళ్లకు, పిల్లలున్నవాళ్లకు నా సలహా దీనికి తిరగేసి: క్యాసినో ఉన్న డెక్కుకు ఆనుకుని ఉన్న క్యాబిన్లు, స్మోకింగ్ ఏరియాకు కింద పడే బాల్కనీలు తీసుకోవద్దు.

ఇక దేన్ని వెంట తీసుకెళ్లాలి అన్న ఎంపిక. అందరూ తొందరపడి తేల్చేసేది ఇదే, నాకు ఎక్కువ పట్టింపు ఉన్నదీ ఇక్కడే.

పాడ్ (నికోటిన్ లిక్విడ్ ఉండే చిన్న డబ్బీ) మార్చుకునే వేప్ లేదా డిస్పోజబుల్ (అయిపోగానే పారేసేది) తీసుకెళ్తే: విమానంలో గాల్వెస్టన్ వైపు వచ్చేవాళ్లు చేతి సంచీలోనే పెట్టుకోవాలి, చెకిన్‌లో పెట్టకూడదు. ఓడ ఎక్కేటప్పుడు కూడా చేతిలోనే ఉంచండి, పోర్టర్‌కు ఇచ్చే పెద్ద బ్యాగులో వద్దు. క్యాబిన్‌లో ఛార్జింగ్ పెట్టి స్విమ్మింగ్‌పూల్‌కు వెళ్లిపోవద్దు, మీరు గదిలో ఉన్నప్పుడే పెట్టి తీసేయండి. కొజుమెల్‌లో దిగే రోజు వేప్‌ను క్యాబిన్‌లోనే వదిలేయండి. మెక్సికోలో 2020 నుంచి వేప్‌ల దిగుమతికి, 2022 నుంచి అమ్మకానికి నిషేధం ఉంది, 2025లో ఆ నిషేధాన్ని ఏకంగా రాజ్యాంగంలోకే ఎక్కించారు. 2023 జనవరి నుంచి బీచ్‌లతో సహా బహిరంగ ప్రదేశాల్లో మామూలు సిగరెట్ కూడా తాగకూడదు. అంటే కొజుమెల్‌లో దిగినంతసేపూ, ఆరేడు గంటలు, ఏమీ లేకుండా గడపాలి. ఆ గంటలకు మీ దగ్గర ప్లాన్ లేకపోతే బీచ్ ఎంత బాగున్నా చిరాకుగానే గడుస్తుంది.

సిడ్నీ, మెల్‌బోర్న్ నుంచి వెళ్లేవాళ్లకు ఒక మాట: ఆస్ట్రేలియాలోకి తిరిగొచ్చేటప్పుడు సొంత వాడకానికి మనిషికి రెండు వేప్‌లు, 20 పాడ్‌ల లాంటి విడిభాగాలు, 200 మిల్లీలీటర్ల లిక్విడ్ వరకే అనుమతి. దారిలో ఏ దేశంలో ఆగుతారో దాని రూలు మళ్లీ వేరు.

రెండో ఆప్షన్, వేప్ ఇంట్లో వదిలేసి ఓడలో సిగరెట్ కొనుక్కోవడం. ఓడ షాపులో డ్యూటీ ఫ్రీ కార్టన్లు చవకగా కనిపిస్తాయి, ఎలాగూ స్మోకింగ్ ఏరియా ఒకటే కదా అనిపిస్తుంది. అన్ని ఆప్షన్లలో ఇది చాలా చెడ్డది. సిగరెట్ మానడానికే వేప్‌లోకి వచ్చినవాళ్లు ఆ నాలుగు రోజుల్లో మళ్లీ సిగరెట్‌కు అలవాటు పడి, కార్టన్‌లో మిగిలినవి ఇంటికి తెచ్చుకుంటారు. పొగలో ఉండే తారు, కార్బన్ మోనాక్సైడ్ సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. దయచేసి ఈ పని చేయకండి.

మూడోది ప్యాచ్, గమ్. నాలుగైదు రాత్రుల ట్రిప్పుకు నేను నిస్సంకోచంగా చెప్పే ఎంపిక ఇదే, సింగపూర్ వైపైనా, కొజుమెల్ వైపైనా. కానీ ఇక్కడ టైమింగ్ ముఖ్యం. నికోటిన్ ఆపాక చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి కొన్ని గంటల్లోనే మొదలై, రెండో మూడో రోజుకు బాగా ముదురుతాయి. సరిగ్గా మీ క్రూయిజ్ మధ్యలో అన్నమాట! ఓడ ఎక్కే రోజే హీరోలా అన్నీ ఆపేద్దామనుకుంటే పిల్లల మీద, భార్య మీద విసుక్కుంటూ గడుపుతారు, సముద్రం ఊపుకు కడుపులో తిప్పితే ఏది దేనివల్లో కూడా తెలియదు. అందుకే ప్రయాణానికి ఒకటి రెండు వారాల ముందే ఇంట్లో ప్యాచ్ మొదలుపెట్టండి, మోతాదు సరిపోతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

అమెరికాలో ప్యాచ్‌లు 21, 14, 7 మిల్లీగ్రాములుగా చీటీ లేకుండానే దొరుకుతాయి. రోజుకు పది సిగరెట్లకు పైన తాగేవాళ్లు 21తో మొదలుపెట్టాలని డబ్బా మీదే ఉంటుంది. వేప్‌కు ఆ లెక్క నేరుగా కుదరదు, అయిదు శాతం నికోటిన్ ఉన్న పాడ్ రోజుకు ఎంత ఖాళీ అవుతుందో ఫార్మసిస్టుకు చెప్పి అడగండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా దేన్నీ మొదలుపెట్టొద్దు. ప్యాచ్ అంటించేటప్పుడు భుజం పైభాగంలో వెంట్రుకలు లేని చోట, పొడి చర్మం మీద, అరచేత్తో పది సెకన్లు గట్టిగా నొక్కి పట్టండి. సన్‌స్క్రీన్ దాని తర్వాతే రాసుకోవాలి, ముందే రాస్తే మధ్యాహ్నానికి అంచులు లేచిపోయి పూల్‌లో తేలుతుంది. రోజూ చోటు మార్చండి, లేకపోతే దురద పెడుతుంది. రాత్రి ఉంచుకుంటే కలలు మరీ ఎక్కువగా వచ్చి నిద్ర చెడుతుంటే పడుకునే ముందు తీసేయొచ్చు. తీసిన ప్యాచ్‌లో ఇంకా మందు ఉంటుంది, జిగురు వైపు లోపలికి మడిచి పిల్లల చేతికి అందని చోట పారేయాలి.

ప్యాచ్ రోజంతా కొద్దికొద్దిగా నికోటిన్ ఇస్తూ ఉంటుంది, కానీ భోజనం అయ్యాక, కాఫీ తాగాక ఒక్కసారిగా పుట్టే కోరికకు అది చాలదు. దానికి గమ్. లేచిన అరగంటలోపే వేప్ కావాల్సినవాళ్లకు 4 మిల్లీగ్రాములది, మిగతావాళ్లకు 2. ఇండియాలో 2 మిల్లీగ్రాముల గమ్ మందుల షాపులో చీటీ లేకుండా ఇస్తారు. చాలామంది దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా కసకసా నమిలేసి, గొంతు మండి, ఎక్కిళ్లు వచ్చి, ఇది మనకు పడదని పక్కన పెట్టేస్తారు. నెమ్మదిగా కొన్నిసార్లు నమిలి, నాలుక మీద మిరియం తగిలినట్టు చురుక్కుమనగానే ఆపి, చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి వదిలేయాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ కాస్త నమలాలి, అలా అరగంట. దానికి పావుగంట ముందు నుంచీ కాఫీ, జ్యూస్, కూల్‌డ్రింక్ తాగకూడదు, తాగితే నోట్లోంచి నికోటిన్ సరిగా ఎక్కదు. బఫే బ్రేక్‌ఫాస్ట్‌లో కాఫీ కప్పు పట్టుకుని గమ్ నమిలితే ఉపయోగం లేదన్నమాట. సింగపూర్ వెళ్లేవాళ్లు మాత్రం గమ్ బదులు ప్యాచ్ పట్టుకెళ్లడం తేలిక, అక్కడ చూయింగ్ గమ్ మీద వేరే ఆంక్షలున్నాయి.

పెదవి కింద పెట్టుకునే నికోటిన్ పౌచ్‌లు ఇప్పుడు అమెరికాలో ప్రతి గ్యాస్ స్టేషన్‌లో కనిపిస్తున్నాయి. జిన్ (ZYN) అనే బ్రాండ్ పౌచ్‌లు కొన్నింటికి 2025 జనవరిలో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అమ్మకానికి అనుమతి ఇచ్చింది. పొగ లేదు, వాసన లేదు, సినిమా చూస్తూ కూడా పెట్టుకోవచ్చు. నాకు వీటి మీద అంత మంచి అభిప్రాయం లేదు. ప్యాచ్‌కు ఒక లెక్క ఉంటుంది, వారాల్లో తగ్గించుకుంటూ వస్తాం. పౌచ్ డబ్బాకు ఆ లెక్క లేదు, ఒక అలవాటు మీద ఇంకో అలవాటు వచ్చి కూర్చుంటుంది. ఒక్క కొజుమెల్ రోజు గడవడానికైతే సరే.

ఇప్పుడు అన్నిటికంటే సీరియస్ విషయం, వీసా మీద ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. కాలిఫోర్నియాలో, కొలరాడోలో షాపులో చట్టబద్ధంగా కొన్న గంజాయి వేప్ పెన్, టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) కార్ట్రిడ్జ్, ఓడ ఎక్కించే పని పెట్టుకోకండి. ఓడల కంపెనీలు దాన్ని పూర్తిగా నిషేధించాయి, కార్నివాల్‌లో అదే మొక్క నుంచి తీసే, మత్తు లేని సీబీడీ కూడా వద్దు. రాష్ట్రంలో ఎలా ఉన్నా ఫెడరల్ చట్టంలో అది నేరమే, కొజుమెల్ నుంచి గాల్వెస్టన్‌కు రాగానే మీరు నిలబడేది ఫెడరల్ అధికారుల ముందే. అమెరికా పౌరులకైతే జరిమానాతో పోయే విషయం ఎఫ్-1, హెచ్-1బీ, చివరికి గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు కూడా దేశంలోకి రానివ్వకపోయే దాకా వెళ్లొచ్చు. కోర్టులో శిక్ష పడక్కర్లేదు, "అవును, నాదే" అని అధికారి ముందు ఒప్పుకోవడమే చాలు కొన్నిసార్లు. ఏళ్ల తరబడి కట్టుకున్న ఉద్యోగం, ఇల్లు, పిల్లల స్కూలు ఒక చిన్న పెన్ను మీద పెట్టకండి. నికోటిన్ పాడ్, టీహెచ్‌సీ కార్ట్రిడ్జ్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కాబట్టి ట్రిప్పుకు ముందు బ్యాగు అడుగున, జాకెట్ జేబుల్లో, పాత కళ్లజోడు డబ్బాలో ఏమైనా మిగిలిందేమో చూసుకోండి. నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఒక క్యాబిన్ తీసుకుంటే మిగతావాళ్లను కూడా మొహమాటం లేకుండా అడగండి.

మొత్తానికి నా ఎంపిక ఇలా ఉంటుంది. ఇండియా నుంచి ఎక్కేవాళ్లు ప్యాచ్ లేదా గమ్, సింగపూర్ నుంచి ఎక్కేవాళ్లు ప్యాచ్ తప్ప ఇంకోటి ఆలోచించకండి. గాల్వెస్టన్, మయామీ లాంటి చోట్ల నుంచి అమ్మానాన్నలతో, పిల్లలతో ఒకే క్యాబిన్‌లో వెళ్తుంటే ప్యాచ్ ప్లస్ గమ్, వేప్ ఇంట్లో, ఓడ ఏదైనా ఒకటే. ఫ్రెండ్స్‌తో ఏడు రాత్రులు వెళ్తూ, ఇప్పట్లో మానేది లేదు అనుకుంటే క్యాసినోలోనూ బయటా రెండు చోట్లా స్మోకింగ్ ఏరియా ఉన్న ఓడ, లోపలి క్యాబిన్, పాడ్ మార్చుకునే వేప్ ఒకటి, రేవులో దిగే రోజులకు గమ్. డిస్పోజబుల్ వద్దంటాను, ఎందుకంటే అది అయిపోయాక కూడా లోపల బ్యాటరీ ఉంటుంది, క్యాబిన్ చెత్తబుట్టలో వేస్తే చెత్త నలిపే చోట అంటుకునే ప్రమాదం ఉంది. అయినా తీసుకెళ్లినవాళ్లు, అయిపోగానే గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో ఇచ్చి బ్యాటరీ ఉందని నోటితో చెప్పండి, వాళ్లే విడిగా పెడతారు.